పాత బండి కొంటున్నరా? ఇంజన్ చల్లగున్నప్పుడు పోయి చూడుండ్రి

దీపావళి బోనస్ చేతికొచ్చిన పదిహేను రోజులు మన సోలాపూర్ పూర్వ భాగంలో సెకండ్ హ్యాండ్ బండ్ల బేరాలు జోరుగ నడుస్తయి. ఆ సంగతి అమ్మెటోళ్లకు మనకంటె మంచిగ తెలుసు. అందుకే ఈ నెల ఈ పేజీ బండికే ఇచ్చిన.

విడి ఘర్కుల్ నుంచి అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.కి రాత్రి పాళీకి పోయెటాయనకు బండి షోకు గాదు. అది పాళీకి చేరితేనే పగారు. పొద్దుగూకినంక పది కిక్కులు కొట్టినా లేవకపోతే ఆ రాత్రి జోడీదారు ఒక్కడే సాంచాలు చూసుకోవాలె, ఈయనకు ఒక పాళీ పోయినట్టే. కాబట్టి మెరిసే ట్యాంకు జూసి గాదు, నమ్మకంగ లేసే ఇంజన్ జూసి కొనాలె.

ఏ బండి అని అడిగితే నేను ఎప్పుడూ జెప్పేది ఒకటే, 100 సీసీ స్ప్లెండర్. 1994లో వచ్చింది, ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తున్నది. సామాను ఏ గల్లీలనైనా దొరుకుతది, చెయ్యి తెలిసిన మెకానిక్కు ఏ ఊర్లనైనా ఉంటడు. ఒక గుర్తు యాదిలో పెట్టుకోండి. హీరో, హోండా విడిపోయి 2011లో కంపెనీ పేరు మారింది. ట్యాంకు మీద ‘హీరో హోండా’ అని ఉన్నదంటే చాలామటుకు అంతకుముందు బండే. అంటే దాని ఆర్.సి. పదిహేను ఏండ్ల గడువు అయిపోయిందో, అయిపోవస్తున్నదో ముందుగాల చూడాలె. గడువు దాటిన బండిని ఆర్.టి.ఓ. దగ్గర చూపిచ్చి, ఫీజు గట్టి రెన్యువల్ చేయించాలె. దానికితోడు గ్రీన్ టాక్స్. ఆ ఖర్చు అమ్మెటాయనదా, కొనెటాయనదా అన్నది బేరంలోనే తేలాలె, తర్వాత గాదు.

పిలగాండ్లు ఆర్.ఎక్స్. 100 కావాలంటరు. మంచి బండే, ఆ సప్పుడు వింటే నాకూ మనసు గుంజుతది. గని అది 1985 నుంచి 1996 దాకనే తయారైంది. ఎంత కొత్తదైనా ముప్పై ఏండ్ల బండి. పైన టూ స్ట్రోక్, పెట్రోలుకు తోడు ఆయిల్ గూడ తాగుతది. ఇంట్ల ఇంకో బండి ఉన్నోళ్లు కొనుక్కోండి. పాళీకి పోయెటోళ్లు వద్దు.

ఇగ బండి చూడబోయినప్పుడు. ముందు ఫోన్ చేసి “స్టార్ట్ చేయకుండ పెట్టు అన్నా, వస్తున్న” అని చెప్పాలె. పోంగనే ఇంజన్ మీద చెయ్యి పెట్టుండ్రి. వెచ్చగ ఉంటే మీరు రాకముందే తిప్పి పెట్టిండన్నట్టు. కోపం చేయకుండి, రేపు పొద్దున వస్తమని లేసి రావాలె. వేడి ఇంజన్ రోగం దాస్తది. చల్లటిది దాయలేదు. మొదటి రెండు మూడు కిక్కులకు లేస్తుందా, లేసిన మొదటి నిమిషంల సప్పుడెట్లున్నది, సైలెన్సర్ నుంచి ఏం వస్తున్నది, ఈ మూడూ చల్లటి ఇంజన్ మీదనే తెలుస్తయి.

సప్పుడు సంగతి మనకు ఒకరు నేర్పాల్సిన పనిలేదు. వంద సాంచాలు కొట్టుకుంటుంటె ఏ సాంచా తేడా కొడుతున్నదో జాబర్ దూరం నుంచే చెప్తడు. అదే చెవి ఇక్కడ పెట్టుండ్రి. సన్నగ టిక్ టిక్ అంటే టాపెట్, అది చిన్న పని. గొలుసు ఈడ్చినట్టు గరగర అంటే టైమింగ్ చైన్, కొంచెం ఖర్చు. లోపల సుత్తెతోని కొట్టినట్టు టక్ టక్ అని బరువుగ వస్తే ఇంజన్ ఇప్పాల్సిందే, ఆ బండి ఇడిచిపెట్టాలె.

పొగ చూసేతందుకు ఒకరిని బండి ఎనక నిలబెట్టుండ్రి. రాత్రంతా నిలబడి పొద్దున లేసినప్పుడు ఒక్కసారి నీలం పొగ గక్కి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయినయి. రేస్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తనే ఉంటే రింగులో, బోరో అరిగింది, అది పెద్ద ఖర్చు. నల్ల పొగ అయితే భయం లేదు, పెట్రోల్ ఎక్కువ పోతున్నదంతే. ఆయిల్ మూత తీసి పుల్ల గూడ చూడాలె. ఆయిల్ చాయ రంగుకు తిరిగి తెల్లగ నురుగుంటే లోపలికి నీళ్లు పోయినయి. మరీ చిక్కగుంటే సప్పుడు దాచేతందుకు పోసిండేమో అని అనుమానపడాలె.

ఇంజన్ ఒక్కటే గాదు. సెంటర్ స్టాండు మీద పెట్టి హ్యాండిల్ మెల్లగ తిప్పుండ్రి, నడుమ ఒకచోట పట్టుకున్నట్టయితే కోన్ సెట్ పోయింది. ఎనక టైరును పక్కకు ఊపితే చక్రంతోపాటు ఫోర్కు గూడ కదిలితే బుష్షులు అరిగినయి. ఎనక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ను వేలుతోని గుంజితే పన్ను సగం బయట కనపడితే చైన్ సెట్ మొత్తం మార్చాలె. చైన్ ఒక్కటే మారిస్తే పాత పండ్లు కొత్త చైన్‌ను తినేస్తయి. ఇవన్నీ ఖర్చులే గని భయపడేటివి గావు. ఒక్కొక్కటి చూపెట్టి ధర తగ్గియ్యాలె.

చేతిల 30,000 ఉంటే బేరం 22,000కు మించనియ్యొద్దు అంట నేను. మిగిలిన పైకం కాగితాలకు, టైర్లకు, చైన్‌కు, ట్యూనింగ్‌కు. ఉన్నదంతా బండికే పెట్టిన ఇంట్ల ఆ బండి మూడు నెలలు గోడకు ఒరిగి నిలబడుతది.

అసలు దెబ్బ పడేది కాగితాల కాడ. “బాండు పేపర్ మీద రాసిస్త, పేరు తర్వాత మార్చుకుందువు” అనెటోళ్ల మాట పట్టుకోవద్దు. బాండు పేపర్ తోని బండి మీ పేరు మీదికి రాదు. ఫారం 29, ఫారం 30 మీద అమ్మెటాయన సంతకాలు పైకం ఇచ్చెటప్పుడే తీసుకోవాలె. కొన్న 30 రోజుల లోపల ఆర్.టి.ఓ. ఆఫీసుకు చెప్పాలని చట్టంలనే ఉన్నది. ఇన్సూరెన్స్ గూడ 14 రోజుల్ల మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలె. బండి లోన్ మీద కొన్నదైతే ఆర్.సి.లో బ్యాంకు పేరుంటది. లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చే కాగితం, ఫారం 35 లేకుండ ఒక్క రూపాయి ఇయ్యొద్దు.

అమ్మెటోళ్లు గూడ ఇది చదువుండ్రి. 2018లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో తీర్పిచ్చింది. ఆ కారు చేతులు మారుకుంట పోయింది గని ఆర్.సి.లో పేరు మారలేదు. యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం పుస్తకంలో పేరున్నాయన మీదనే పడ్డది. అంటే మీరు ఎప్పుడో అమ్మిన బండి ఎవలో ఎవల్నో గుద్దితే మీ ఇంటికి నోటీసు వస్తది.

మనకు ఇంకోటున్నది. ఊరికి పెండ్లికి పోయి కరీంనగర్‌లనో సిరిసిల్లలనో బావమరిది బండి అగ్గువకు దొరికిందని తోలుకొస్తరు. ఆ నంబరుతోని ఇక్కడ ఏండ్ల తరబడి తిరుగుడు నడువదు. 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే ఎం.హెచ్. 13 నంబరు తీసుకోవాలె. దానికి అక్కడి ఆర్.టి.ఓ. నుంచి ఫారం 28 మీద ఎన్.ఓ.సి. రావాలె, ఇక్కడ మళ్ల రోడ్ టాక్స్ కట్టాలె. ఇదంతా కలిపితే అగ్గువ బండి పిరమైతది. బావమరిదే అయినా లెక్క ముందు చూసుకోండి. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్ది ఆర్.సి.తో కలిపి చూసుడు ఎవరి బండికైనా తప్పదు. అంకెలు గీకినట్టున్నా, కొత్త పెయింటు పూసినట్టున్నా అక్కడికే దండం పెట్టుండ్రి.

బండి ఇంటికొచ్చినంక ట్యూనింగ్. చాలామంది మెకానిక్కులు ముందు స్క్రూ డ్రైవర్ తీసి కార్బొరేటర్ తిప్పుతరు. అది ఆఖరుకు చేసే పని. ఫిల్టర్ నిండ దుమ్ముంటే కార్బొరేటర్ ఎట్ల తిప్పినా లాభం లేదు, మన దూది దుమ్ములో నిలబడే బండ్లకు అది తొందరగ మూసుకుపోతది. ముందు ఆయిల్, ఏర్ ఫిల్టర్. తర్వాత ప్లగ్గు. ప్లగ్గు మొన ఇటుక రంగులో ఉంటే అంతా బాగున్నట్టు, మసిబారితే పెట్రోల్ ఎక్కువ, తడిగ నూనె అంటితే లోపల ఆయిల్ పైకి వస్తున్నది. గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల నడుమ ఉండాలె.

టాపెట్ ఇంజన్ పూర్తిగ చల్లారినంకనే చేయాలె. ఆ సందు మిల్లీమీటర్‌లో పదో వంతు గూడ ఉండదు, వెంట్రుక మందమే. అందుకే కంపెనీ చెప్పిన కొలతకు ఫీలర్ గేజ్ పెట్టమని అడుగుండ్రి, వేలితోని ఊపి చూసే మెకానిక్కు వద్దు. సప్పుడే రావొద్దని బిగించిచ్చుకుంటరు కొందరు. పడుగు మరీ బిగిస్తే పోగులు తెగినట్టే ఇదీ. టాపెట్ బిగిస్తే వాల్వు పూర్తిగ మూసుకోదు, కాలిపోతది. కొంచెం టిక్ టిక్ ఉండనియ్యండి.

ఇప్పుడు కార్బొరేటర్. విప్పి కడిగి, ఏర్ స్క్రూను మెల్లగ చివరిదాకా మూస్తూ ఎన్ని సుట్లు తిరిగిందో రాసుకోవాలె, చెడితే వెనక్కు రావచ్చు. ఇంజన్ వేడెక్కినంక ఆ స్క్రూను ఇటు అటు తిప్పుకుంట రేస్ ఎక్కడ ఎక్కువయితదో అక్కడ ఆపాలె. తర్వాత పక్క స్క్రూతోని రేస్ తగ్గించాలె. సిగ్నల్ కాడ బంద్ పడకుండ, ఒర్లకుండ నిలబడితే సరిపాయె.

మైలేజి మాత్రం కార్బొరేటర్ ఒక్కదాన్నే తిట్టొద్దు. చక్రం చేతితోని తిప్పితే బ్రేకు పట్టుకోకుండ తిరగాలె, చైన్ నడుమ ఒక అంగుళం దాకా ఊగాలె. టైర్ల గాలి ఒక్కరికైతే ముందు 25, ఎనక 28. ఇంట్లామె ఎనక కూసొని బీడీల బుట్ట పట్టుకొని కార్ఖానకు పోయే రోజు ఎనక ఇంకా ఎక్కువ ఉండాలె, చైన్ కవర్ మీద కంపెనీ అంటించిన కాగితం ఉంటే అండ్ల చూసి నింపిచ్చుండ్రి. లెక్క చూసేతందుకు ట్యాంకు పూర్తిగ నింపి మీటర్ రాసుకొని, వారం తిరిగి మళ్ల నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడాలె. మంచిగున్న స్ప్లెండర్ 60కి అటూ ఇటూ ఇస్తది. 45 కిందికి వస్తే పైన జెప్పినవన్నీ మళ్ల మొదటి నుంచి చూసుకోండి, ఏర్ ఫిల్టర్ తోని మొదలుపెట్టి.