ఐదో తారీఖు

అఫ్జల్‌గంజ్‌లో సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళినప్పుడల్లా ఉస్మానియా ఆసుపత్రి వైపు ఒక బత్తాయి బండి దగ్గర ఆగడం నాకు అలవాటు. పండ్ల కోసం కొంత, మాటల కోసం కొంత. బండాయనది నల్లగొండ వైపు ఊరు. బత్తాయీ అక్కడిదే. పోయిన నెల ఐదో తారీఖున నేను వెళ్ళేసరికి బండి మీద ఫోను మోగుతోంది. ఆయన ఎత్తడం లేదు. ఆగింది, మళ్ళీ మోగింది. నాలుగోసారి మోగినప్పుడు దాన్ని తీసి బత్తాయిల మధ్య బోర్లా పెట్టాడు.

"ఫైనాన్సోళ్ళు" అన్నాడు, నేను అడక్కముందే. "పైసల్లేవని కాదు సార్. ఐదో తారీఖునాడు లేవు."

అప్పుల మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా రోగం పేరు చెప్పినది ఒక్కటీ లేదు.

ఆయన లెక్క ఇది. ట్రాలీ ఆటో మీద నెలకు 6,400 కిస్తు. ఫోను మీద 2,150. రెండూ కలిపి 8,550. రోజుకు పంచితే 285 రూపాయలు. ఏడెనిమిది వందలు మిగిలే రోజులు ఆయనకు ఉన్నాయి. వాన పడితేనో, బండి తీయమని అదిలిస్తేనో ఒక్క రూపాయీ మిగలని రోజులూ ఉన్నాయి. నెలంతా కూడితే కిస్తులు పోను ఇల్లు నడుస్తుంది. కానీ ఒకటో తారీఖున గది కిరాయి ఇచ్చాడు, మూడో తారీఖున చిట్టీ కట్టాడు, నాలుగున మండీలో సరుకు ఎత్తాడు. ఐదున ఖాతాలో ఉన్నది వెయ్యిన్నర. పన్నెండో తారీఖుకు అదే ఖాతాలో ఎనిమిది వేలుంటాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు.

అసలు ఈ ఐదో తారీఖు ఎవరిది? ఒకటిన జీతం పడేవాళ్ళది. నెల జీతగాడి జేబు నిండుగా ఉండగానే పట్టుకోవాలని పెట్టిన తారీఖు అది. సచివాలయానికీ, మాదాపూర్‌కూ సరిపోయే చొక్కా. దాన్నే తెచ్చి హమాలీకీ, తోపుడు బండికీ, బేగంబజార్‌లో దినకూలీకి సరుకు మోసేవాడికీ తొడిగారు. పట్టకపోతే తప్పు ఒంటిదేనంటున్నారు.

ఈ బజార్లలో వంద రోజుల ఫైనాన్సు ఇప్పటికీ ఎందుకు బతికుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. పదివేలు అని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతోంది కాబట్టి, ఏడాది లెక్కకు తెస్తే నూటికి డెబ్బై అయిదుకు పైనే. అంటే నెలకు నూటికి ఆరు రూపాయల పైచిలుకు మిత్తి. తీసుకునేవాళ్ళు అమాయకులని చదువుకున్నవాళ్ళం అనుకుంటాం. వాళ్ళు అమాయకులు కారు. రోజు సంపాదనకు రోజు కిస్తు కుదురుతుందని, ఆ కుదురు కోసం ఎక్కువ ధర కడుతున్నారు. వీధి వ్యాపారులకు ప్రభుత్వం 2020లో తెచ్చిన పీఎం స్వనిధి ఎంతో చవకైన అప్పు. సకాలంలో కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కానీ దాని కిస్తు కూడా నెలకోసారే. బ్యాంకువాడు చవగ్గా ఇస్తాడు, తారీఖు తనది పెడతాడు. దినం ఫైనాన్సువాడు తారీఖు మనది ఉంచుతాడు, చర్మం ఒలుస్తాడు.

అఫ్జల్‌గంజ్ అన్న పేరే నెలనెలా కట్టాల్సిన బాకీ చరిత్రతో ముడిపడి ఉంది. ఈ పేట పేరు ఐదో నిజాం అఫ్జలుద్దౌలాది (ఇక్కడా ఐదే). ఆయన తండ్రి నాసిరుద్దౌలా మెడకు హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం చుట్టుకుంది. నడిపించేది బ్రిటిష్ అధికారులు, జీతాలు నిజాంవి. తనకు పెద్దగా అక్కరకు రాని సైన్యానికి నెలనెలా జీతాలు. ఖజానాలో లేకపోతే ఈస్టిండియా కంపెనీయే ఇచ్చి ఆ మొత్తాన్ని నిజాం పేర బాకీగా రాసుకుంది. బాకీ బాగా పెరిగాక 1853 మే నెలలో కంపెనీ ఒక ఒప్పందం మీద నిజాం చేత సంతకం చేయించుకుంది. పత్తి పండే బేరార్, రాయచూర్ దోయాబ్, ధారాశివ్ ప్రాంతాలు కంపెనీ అజమాయిషీలోకి పోయాయి. ఆ సంతకమైన కొద్దిరోజులకే దివాన్ సిరాజుల్‌ముల్క్ కన్నుమూశాడు. ఆయన స్థానంలోకి వచ్చిన సోదరుడి కొడుక్కి ఇరవై నాలుగేళ్ళు. మొదటి సాలార్‌జంగ్ ఆయనే.

1857లో తిరుగుబాటు వైపు మొగ్గకుండా కంపెనీకి అండగా నిలిచినందుకు 1860లో అఫ్జలుద్దౌలాకు యాభై లక్షల బాకీ మాఫీ అయింది. రాయచూర్ దోయాబ్, ధారాశివ్ తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు. 1902లో కర్జన్ దాన్ని ఏటా ఇరవై అయిదు లక్షలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. రుణమాఫీ పొందిన రాజు పేరున్న పేటలో నిలబడి, కిస్తు తప్పినవాణ్ణి బాధ్యత లేనివాడని తిట్టడానికి నాకైతే నోరు రాదు.

మాఫీ కన్నా నాకు ఆసక్తి కలిగించేది సాలార్‌జంగ్ చేసిన పని. ఆయన వచ్చేనాటికి అప్పులకింద తాలూకాలకు తాలూకాలు అరబ్బు సర్దార్ల చేతుల్లో, సాహుకార్ల చేతుల్లో ఉన్నాయి. శిస్తు నేరుగా అప్పులవాళ్ళే వసూలు చేసుకునేవారు. ఖజానాకు చేరకముందే పైకం వెళ్ళిపోయేది. ఇవాళ్టి భాషలో ఆటో డెబిట్ అన్నమాట. సాలార్‌జంగ్ ఆ తాలూకాలను ఒక్కొక్కటిగా బేరాలాడి విడిపించుకున్నాడు. శిస్తు ముందు సర్కారు ఖజానాకు రావాలి, ఆ తర్వాతే ఎవరి బాకీ వాళ్ళకు. అప్పు ఎగ్గొట్టలేదు, కట్టే చెయ్యి తనదిగా చేసుకున్నాడు.

నా సంగతి చెబుతాను. నాకు ఐదో తారీఖంటే భయం లేదు, జీతం ఒకటినే పడుతుంది. అందుకే నేను మరో రకంగా దెబ్బతిన్నాను. 2021లో ముప్పై లక్షల ఇంటి అప్పు, 6.7 శాతం, ఇరవై ఏళ్ళు, నెలకు 22,721. నెలనెలా దానంతటదే పోయేది. సందేశం వచ్చేది, చూడకుండా పక్కకు నెట్టేవాణ్ణి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 నుంచి 6.5కు వెళ్ళింది. నా వడ్డీ 9.2 అయింది. కిస్తు మాత్రం మారలేదు. మారలేదని మురిసిపోయాను కూడా. ఒకరోజు మా అమ్మాయి కాగితాలు ముందేసుకుని, "నాన్నా, 22,721లో అసలుకు పోతున్నది ఐదువందలు కూడా లేదు" అంది. ఆ లెక్కన అప్పు తీరడానికి ఇంకా నలభై ఏళ్ళ పైన పడుతుంది. అప్పటికి నాకు తొంభై. బ్యాంకు నుంచి వచ్చింది 'గడువు సవరించబడింది' అన్న ఒక్క వాక్యం.

2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. వడ్డీ మారినప్పుడు కిస్తు పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంతకొంతనా అని అప్పు తీసుకున్నవాణ్ణి అడగాలి. కిస్తు కనీసం మిత్తికన్నా తగ్గకుండా చూడాలి. అది పట్టుకుని వెళ్ళి కిస్తు పెంచుకుని వచ్చాను. ఆ బండాయనను తారీఖు నిద్రపోనివ్వడం లేదు, నన్ను తారీఖే నిద్రపుచ్చింది.

అప్పటి నుంచీ ఏ అప్పు మాట వచ్చినా మా ఊళ్ళో అడిగినట్టే అడుగుతున్నాను: నూటికెంత మిత్తి? శాతాల్లో చెబితే చెవికి చల్లగా ఉంటుంది. ఏడాదికి పన్నెండు శాతం అంటే రూపాయి మిత్తి. తొమ్మిది శాతం ఇంటి అప్పు ముప్పావలా మిత్తి. పద్దెనిమిది శాతం పర్సనల్ లోను రూపాయిన్నర. క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం అంటే నూటికి మూడున్నర రూపాయల మిత్తి. ఊళ్ళో అంత మిత్తి తీసేవాణ్ణి జలగ అంటారు, కార్డు మీద అదే ఉంటే గోల్డు అంటారు. యాభై వేల బాకీకి ఐదు శాతం 'కనీస చెల్లింపు' 2,500 కట్టామనుకోండి. మిత్తి 1,750, దాని మీద జీఎస్టీ 315. అసలులో తగ్గింది 435. అప్పు చేసి పప్పుకూడు అని మన పెద్దలు వెక్కిరించారు గాని, ఆ పప్పు కనీసం కడుపులోకి పోయింది.

చిన్న బిల్లుల సంగతి ఒక్క ముక్కలో. నల్లా నెలకు ఇరవై వేల లీటర్ల దాకా ఉచితం. 2024 నుంచి గృహజ్యోతి కింద రెండొందల యూనిట్ల లోపు కరెంటూ సున్నా బిల్లే. కానీ రెండొందల ఒకటో యూనిట్‌తో ఆ సున్నా ఎగిరిపోయి మొత్తం బిల్లు మీద పడుతుంది. ఒకే మీటరు కింద రెండు సంసారాలుండే పాత ఇళ్ళలో, మే నెలలో, కూలర్ల మధ్య, ఆ ఒక్క యూనిట్ ఎవరిదన్న గొడవ కిస్తు గొడవకు తీసిపోదు.

బండాయనకు నేనేదో పెద్ద సలహా ఇవ్వలేదు. ఆదాయంలో నలభై శాతానికి మించి కిస్తులుండకూడదని పత్రికలు రాస్తుంటాయి. ఆయన ఆదాయం ఎంతో ఆయనకే నెలాఖరుకు గాని తెలియదు, దేనిలో నలభై? కట్టలేనని తెలిసినప్పుడు ఐదో తారీఖు దాటాక కాదు, రెండో తారీఖునే వెళ్ళి చెప్పమన్నాను. కిస్తు తిరిగిపోతే ఫైనాన్సువాడు ఒక రుసుం వేస్తాడు, మన బ్యాంకు ఇంకోటి వేస్తుంది. ఒక్కోసారి రెండోసారి ప్రయత్నించి రెండోసారీ తిప్పి పంపుతారు, మళ్ళీ రుసుములు. ఆలస్యానికి వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద మిత్తి వేయకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. వసూలు ఫోన్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక చేయకూడదు. చుట్టాలకు, పక్క బండివాడికి ఫోన్ చేసి పరువు తీయకూడదు. మాట వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడమెలాగో 14448కు ఫోన్ చేస్తే చెబుతారు.

ఇవన్నీ విని ఆయన, "ఫోన్ ఎత్తితే గద సార్ గివన్నీ" అన్నాడు.

నిజమే. 2020 డిసెంబరులో హైదరాబాద్ చుట్టుపక్కల లోన్ యాప్‌ల వేధింపులు బయటపడ్డప్పుడు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు చదివి చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: ఇంత చిన్న మొత్తానికా? మొత్తానికి కాదు. ఇంట్లో తెలియకుండా ఉన్న విషయం ఫోన్‌లోని పేర్లన్నిటికీ తెలిసిపోతుందన్న భయానికి. ఆ భయం పట్టిన రాత్రుల్లో ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ ఉంది, 14416, తెలుగులోనూ పలుకుతారు. కానీ ముందు పలకాల్సిన మనిషి తరచూ అదే గదిలో, పక్క మంచం మీద ఉంటుంది. బండాయన ఫోను కిస్తు సంగతి ఇంట్లో చెప్పలేదట. పది వేలకు పైన ఫోనెందుకని అంటుందని.

ఇద్దరం కలిసి ఫైనాన్సు ఆఫీసుకు కూడా వెళ్ళాం, తారీఖు పన్నెండుకు మార్చమని. కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "సిస్టంలో ఆప్షన్ లేదు సార్" అన్నాడు. రాతపూర్వకంగా ఇచ్చాం, ముద్ర వేయించుకున్నాం. జవాబు ఇంకా రాలేదు.

మొన్న లైబ్రరీ నుంచి దిగి వస్తూ ఆగితే బండి కింద, త్రాసు పక్కన, ఒక బిస్కట్ డబ్బా కనిపించింది. మూతకు చీలిక, ముందువైపు సుద్దముక్కతో గీతలు, ఐదేసి చొప్పున కట్టలు.

"ఏందన్నా ఇది?"

"మా ఇంటామె పెట్టింది. ఫోన్ సంగతి తెల్సిపోయింది సార్." కాస్త సిగ్గుగా నవ్వాడు. "రెండ్రోజులు మాట్లాడలె. మూడో రోజు డబ్బా తెచ్చి పెట్టింది. దినాం మూడొందలు. ఏసిన నాడు గీత. ఏయని నాడు సున్నా. ఆదివారం వచ్చి ఆమెనే లెక్క జూస్తది, పైసలు ఆమెనే బ్యాంకుల ఏస్తది."

లెక్కపెట్టాను. పదిహేడు గీతలు, నాలుగు సున్నాలు. సున్నాలు వాన రోజులవట.

డజను బత్తాయిలు తీసుకున్నాను. ఇచ్చిన నోటు డబ్బాలో వేసి, ఇంకా నూట ఎనభై కావాలి అని తనలో తాను అనుకుంటూ, సుద్దముక్కను చెవి వెనక పెట్టుకుని పక్కన ఆగిన ఆటోలో పేషెంటు తాలూకు వాళ్ళ వైపు తిరిగాడు.

— మూసీ ఒడ్డువాడు