‘జీవనశైలి వ్యాధి’ అనే మాటను ఇక పక్కన పెడదాం

గుండెపోటు నుంచి బయటపడి ఇంటికి వెళ్లే రోగి చేతిలో డిశ్చార్జి కాగితం పెడతారు. ఏ ఆసుపత్రిలో చూసినా దాని చివర దాదాపు ఒకే రకం సలహాలు ఉంటాయి. ఉప్పు, నూనె తగ్గించండి. పండ్లు, కూరగాయలు ఎక్కువగా తినండి. రోజూ అరగంట నడవండి. పొగాకు మానేయండి. వేళకు నిద్రపోండి. టెన్షన్ పడకండి. మందులు ఆపకండి.

ఇందులో ఒక్క సలహా కూడా తప్పు కాదు. కానీ అదే కాగితాన్ని రోజుకు పన్నెండు గంటలు ఆటో నడిపే మనిషి చేతిలో ఉన్నట్టు ఊహించండి. బండి మీద ఫైనాన్సు వాయిదాలు తీరలేదు. మధ్యాహ్నం తిండి రోడ్డు పక్క బండి దగ్గరే. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, బడిపిల్లల ట్రిప్పు కోసం తెల్లవారుజామున ఐదింటికి లేవాలి. నడుద్దామంటే ఆయన ఉండే వీధికి ఫుట్‌పాత్ లేదు. ఆ కాగితంలో రాసినవాటిలో ఆయన చేతుల్లో ఉన్నవెన్ని?

గుండె జబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం లాంటి వాటిని కలిపి మనం ‘జీవనశైలి వ్యాధులు’ అంటున్నాం. ప్రభుత్వ ప్రకటనల్లో, పత్రికల్లో, డాక్టర్ల మాటల్లో ఈ పేరు స్థిరపడిపోయింది. శైలి అంటే ఎవరికి వారు ఎంచుకునేది. కాబట్టి జబ్బు కూడా రోగి ఎంచుకున్నదే అన్న అర్థం ఆ పేరులోనే వచ్చేస్తోంది. నా అభ్యంతరం అక్కడే. ఈ మాట నిజంలో సగమే చెప్పి, రెండో సగాన్ని కప్పేస్తోంది.

ముందుగా, ఇది బాగా బతికేవాళ్ల జబ్బు అన్న నమ్మకాన్ని చూద్దాం. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో సంభవించిన మరణాలకు కారణాలేమిటో పరిశోధకులు ఇంటింటికీ మనుషులను పంపి అడిగి తెలుసుకున్నారు. అంటురోగాలే ముందుంటాయని అనుకునే పల్లెల్లో, దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. వాళ్లలో ఎంతమంది తమ ‘శైలి’ని తామే ఎంచుకుని ఉంటారు?

హోదాకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని అందరికంటే స్పష్టంగా చూపించింది బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. అందులో ఉన్నవాళ్లంతా లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులే. అందరికీ నెల జీతం, ఉచిత వైద్యం ఉన్నాయి. అయినా పై స్థాయి అధికారులతో పోలిస్తే అట్టడుగు స్థాయి ఉద్యోగుల్లో గుండె జబ్బు మరణాలు మూడు రెట్లకు పైగా ఉన్నాయి. కింది స్థాయిలో పొగతాగేవాళ్లు ఎక్కువే. కానీ పొగాకు, రక్తపోటు, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగానికే జవాబు దొరికింది. మైకేల్ మార్మట్ బృందం తర్వాత చేసిన రెండో వైట్‌హాల్ అధ్యయనం ఇంకో ముక్కను అందించింది. తాము చేసే పని మీద తమకు ఏ పట్టూ లేనివారిలో గుండె జబ్బు ఎక్కువగా కనిపించింది.

ఇందులో వింతేమీ లేదు. ఒత్తిడి వచ్చినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను విడుదల చేస్తుంది. కుక్క వెంటపడినప్పుడు పరుగెత్తడానికి అవి కావాలి. కుక్క పోగానే అవీ తగ్గిపోతాయి. కానీ అప్పు, అద్దె, రేపటి కూలి గురించిన దిగులు సాయంత్రానికి పోయేది కాదు. ఏళ్ల తరబడి ఆ స్థితిలోనే ఉంటే రక్తపోటు పెరుగుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, రక్తనాళాలు దెబ్బతింటాయి. పని గంటలది కూడా ఇదే కథ. వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు దాటి పనిచేసేవారికి గుండె జబ్బుతో చనిపోయే ముప్పు సుమారు 17 శాతం, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. మన ఆటో డ్రైవరు వారంలో ఆరు రోజులు తిరిగితేనే 72 గంటలవుతుంది.

ఎంపిక అన్న మాటకు అసలు చోటే లేని ఉదాహరణ మైసూరులో ఉంది. అక్కడి ఒక పాత ఆసుపత్రిలో 1934-54 మధ్య పుట్టిన పిల్లల బరువులు రిజిస్టర్లలో భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు ఆ పిల్లల్లో 500 మందికి పైగా వ్యక్తులను నడివయసులో వెతికి పట్టుకుని పరీక్షించారు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు, అంతకంటే తక్కువ బరువున్నవారిలో 11 శాతం మందికి గుండె జబ్బు కనిపించింది. మూడు కిలోలు దాటి పుట్టినవారిలో అది 3 శాతమే. 1996లో వచ్చిన ఈ ఫలితాలు ఒక సంబంధాన్ని చూపిస్తాయే తప్ప బరువు ఒక్కటే కారణమని చెప్పవు. అయినా తల్లికి కడుపునిండా తిండి ఉందా, లేదా అన్నది బిడ్డ గుండె మీద అర్ధశతాబ్దం తర్వాత కూడా కనిపించవచ్చన్న సూచన ఉంది కదా. కడుపులో ఉన్న బిడ్డకు జీవనశైలి ఏమిటి?

ఇక తిండి సంగతి. 2016లో వెలువడిన ‘ప్యూర్’ అధ్యయన ఫలితాల ప్రకారం, సలహా ఇచ్చినట్టుగా రోజుకు రెండు వంతుల పండ్లు, మూడు వంతుల కూరగాయలు ఒక్క మనిషి తినాలంటే పేద దేశాల్లో కుటుంబ ఆదాయంలో సగం దాకా ఖర్చవుతుంది. ధనిక దేశాల్లో అది 2 శాతమే. ఆ పేద దేశాల జాబితాలో మనతోపాటు పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఉన్నాయి. ఉప్పు కూడా ఇలాంటిదే. రోజుకు 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన దేశంలో జరిగిన వేర్వేరు సర్వేల్లో అది 8 నుంచి 11 గ్రాముల వరకూ తేలింది. కూరగాయల ధర మండిపోతున్న రోజున అన్నంలోకి కాస్త ఊరగాయ, కాస్త చారు ఉంటే పూట గడిచిపోతుంది. కూరకు లేని డబ్బు స్థానంలో ఉప్పూకారమే రుచి ఇస్తుంది. దీన్ని అలవాటు అనవచ్చు. కానీ ఆ అలవాటు వెనుక ఉన్న లెక్కను కూడా చూడాలి.

అయితే మనిషి బాధ్యత ఏమీ లేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కేరళలో పుట్టిన హృద్రోగ నిపుణుడు సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం 2004లో ఒక గట్టి మాట చెప్పింది. మొదటిసారి వచ్చే గుండెపోట్ల ముప్పులో 90 శాతం దాకా మార్చుకోదగిన తొమ్మిది అంశాలతో ముడిపడి ఉంది. పొగాకు మానినవాడి గుండెకు మేలు జరుగుతుంది. అందులో రెండో మాట లేదు. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, అంటే మిగతావారికంటే ఆరేళ్లు ముందే వస్తోందని కూడా ఆ అధ్యయనమే చూపింది. కాబట్టి జాగ్రత్తపడాల్సిన అవసరం మనకే ఎక్కువ. కానీ ఆ తొమ్మిదింటిలో మానసిక, సామాజిక ఒత్తిడి కూడా ఒకటన్న విషయాన్ని మనం తరచూ మరిచిపోతాం. ‘మార్చుకోదగినవి’ అంటే ఒక్కడే, తన ఇంట్లోనే మార్చుకోగలిగినవి అని అర్థం కాదు.

పైగా ముప్పు ఒక్కటే చావును నిర్ణయించదు. 17 దేశాల్లో లక్షన్నర మందికి పైగా ప్రజలను గమనించిన ‘ప్యూర్’ అధ్యయనం 2014లో ఒక తిరకాసును బయటపెట్టింది. ముప్పు కారకాలు ధనిక దేశాల్లోనే ఎక్కువ. తీవ్రమైన గుండె జబ్బులు, మరణాలు మాత్రం పేద దేశాల్లో ఎక్కువ. తేడా వైద్యం అందడంలో ఉందన్నది పరిశోధకుల అభిప్రాయం. మన దేశంలోని 89 ఆసుపత్రుల్లో 20 వేలకు పైగా రోగుల మీద జరిగిన ‘క్రియేట్’ అధ్యయనం 2008లో దాన్ని ఇంకా సూటిగా చూపించింది. గుండెపోటు వచ్చిన నెలలోపు చనిపోయినవారు ధనికుల్లో 5.5 శాతం, పేదల్లో 8.2 శాతం. అందిన చికిత్సను లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా మాయమైంది. రోగుల అలవాట్లను లెక్కలోకి తీసుకున్నప్పుడు మాత్రం పోలేదు. అంటే ఆ పేదలు ఎక్కువగా చనిపోయింది తమ శైలి వల్ల కాదు, అందరికీ తెలిసిన మందులు, చికిత్సలు తమదాకా రాకపోవడం వల్ల.

పేరు మారితే ఏం ఒరుగుతుంది అనిపించవచ్చు. పేరును బట్టే పరిష్కారం కూడా ఉంటుంది. శైలిదే తప్పయితే పోస్టర్లు, నడక దినోత్సవాలు సరిపోతాయి. ‘నీ చేతులారా చేసుకున్నావు’ అనిపించుకున్న రోగి సిగ్గుతో మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కడు. ఛాతీలో నొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ వండిపెట్టే ఇల్లాలు గ్యాస్ అని సరిపెట్టుకుంటుంది. పరిస్థితులదీ తప్పే అని ఒప్పుకుంటే చేయాల్సిన పనులు వేరుగా కనిపిస్తాయి.

అలాంటివి కొన్ని మన కళ్లముందే జరిగాయి. 2022 జనవరి నుంచి నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వులు 2 శాతం మించకూడదని దేశంలో నిబంధన వచ్చింది. మిర్చిబజ్జీ తినేవాడికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర లేకుండానే బాణలిలోని ముప్పు కొంత తగ్గే వీలుంది. 2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది ముందే తేల్చి, మాత్రలను ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ కేంద్రంలోనే ఉచితంగా ఇవ్వడం దాని పద్ధతి. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూసి, మాట్లాడి, అవసరమైనవారిని డాక్టరు దగ్గరకు పంపిన ప్రయోగంలో రెండేళ్లలో పై బీపీ మామూలు వైద్యం పొందినవారి కంటే సగటున 5 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. 2020లో వచ్చిన ఆ ఫలితం వెనుక ఖరీదైన యంత్రమేదీ లేదు. గడప దాకా వచ్చిన మనిషే ఉంది.

మన బీమా పథకాల దృష్టి మాత్రం ఇప్పటికీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తర్వాతి వైద్యం మీదే ఉంది. స్టెంటు వేయడానికి డబ్బు దొరుకుతుంది. స్టెంటు అవసరం రాకుండా చూసే బీపీ మాత్ర మాత్రం కేంద్రంలో అయిపోతే రోగి జేబు తడుముకోవాల్సిందే. ఈ వరస తిరగబడాలి. ఆశా కార్యకర్త సంచిలో బీపీ యంత్రం, సబ్‌సెంటరులో ఎప్పుడూ నిండుకోని మాత్రలు, నడవడానికి వీలైన రోడ్డు, మనిషిని పిండేయని పని గంటలు. ఇవన్నీ గుండె వైద్యంలో భాగమే.

డిశ్చార్జి కాగితం మీద సలహాలు తీసేయమని నేను అనడం లేదు. వాటి పక్కన నాలుగు ప్రశ్నలు కూడా రాయమంటున్నాను. రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారు? ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఆవిడతో మేం మాట్లాడవచ్చా? మాత్రలు ఎక్కడ తీసుకుంటారు, ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయి? మీ ఊళ్లో బీపీ చూసేది ఎవరు? జవాబులు రాసుకున్న డాక్టరుకు ఏ సలహా ఇవ్వాలో తెలుస్తుంది. ఆ జవాబులన్నీ ఒకచోట చేర్చి చదివిన ప్రభుత్వానికి ఏం చేయాలో తెలుస్తుంది.