పిచ్చుక ఒకటే, ఊరు వేరు

మిషిగన్‌లోని నోవైలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఏ బడి మంచిదో, గోంగూర ఏ కొట్లో దొరుకుతుందో చెప్పేవాళ్ళు కావలసినంత మంది. పెరటి చెట్టు మీద కూసే పిట్ట పేరు చెప్పేవాళ్ళు మాత్రం మన సంఘాల్లో అరుదు. అలాంటివాళ్ళు మన సంఘాల బయట, ఆ చుట్టుపక్కలే ఉన్నారు. డెట్రాయిట్ ప్రాంతంలోని పక్షి సంఘాలు ఏళ్ళ తరబడి జనాన్ని వెంటబెట్టుకుని పిట్టలను చూపిస్తున్నాయి. మనవాళ్ళు ఆ నడకల్లో కలవాలి, అదీ వేరు కుంపటి పెట్టుకోకుండా కలవాలి అని నా అభిప్రాయం.

ఎందుకో చెప్పడానికి పిచ్చుక చాలు. నోవై దుకాణాల ముందు కార్ల మధ్య గెంతే పిచ్చుక, మన పెంకుటిళ్ళ చూరుల్లో గూడు కట్టిన పిచ్చుకే, జాతి ఒకటే. మన దగ్గర అది కనబడడం తగ్గిందని బెంగపడి ఏటా మార్చి 20న దాని పేరు మీద ఒక దినం జరుపుకుంటున్నాం. అమెరికాకు మాత్రం 1850ల మొదట్లో మనుషులే తెచ్చి, న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో వదిలారు. తొర్రల్లో గూడు పెట్టే ఈస్టర్న్ బ్లూబర్డ్‌ను అది అక్కడ తరిమేస్తుంది, గుడ్లు పగలగొడుతుంది, ఒక్కోసారి గూట్లో ఉన్న తల్లినే పొడిచి చంపుతుంది. అందుకే బ్లూబర్డ్‌ల కోసం కట్టిన పెట్టెలను వసంతకాలమంతా ఎవరో ఒకరు తెరిచి చూసుకుంటూ ఉండాలి. ఊరి మీద బెంగతో, మంచి మనసుతోనే, పెరట్లో ఒక పెట్టె వేలాడదీసి వదిలేస్తే అక్కడి పిట్టకు చేటు చేసినవాళ్ళమవుతాం. పిట్టల మీద ప్రేమ మనతోనే విమానం ఎక్కి వస్తుంది కానీ, ఆ నేల సంగతులు అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి.

ఫోన్లో మెర్లిన్ ఉండగా మనుషులెందుకని అడగవచ్చు. కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ చేసిన ఆ యాప్ కూత విని పేరు చెబుతుంది, చాలాసార్లు సరిగ్గానే. అయితే బ్లూ జే అనే పిట్ట డేగ కూతను అచ్చంగా అనుకరిస్తుంది. యాప్ డేగ అన్నా, అనుభవం ఉన్న మనిషి ఆగి, కొమ్మల్లోకి చూసి, నీలిరెక్కల దొంగను పట్టుకుంటాడు. మే నెలలో ఆకుల చాటున క్షణం నిలవని వార్బ్లర్‌ను కొత్తవాళ్ళకు చూపించడం ఇంకా కష్టం. "రెండు గంటల దిక్కున, ఎండుకొమ్మకు కాస్త కింద" అని పక్కవాళ్ళు మెల్లగా చెబితేనే దుర్భిణి అటు తిరుగుతుంది. గుంపు వల్ల పిట్టలు బెదురుతాయన్న మాటలో నిజముంది, గూళ్ళ కాలంలో మరీ. కానీ దారి దిగకపోవడం, గూటికి దూరంగా ఉండడం, పిట్టను రప్పించడానికి ఫోన్లో కూత మోగించకపోవడం లాంటి మర్యాదలు నలుగురితో నడిస్తేనే అబ్బుతాయి.

అసలు సందేహం వేరే ఉంది: అక్కడ మనం ఇముడుతామా? ఊరికే పుట్టిన సందేహం కాదిది. 2020 మేలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పిట్టలు చూస్తున్న నల్లజాతి వ్యక్తి మీద ఒకామె పోలీసులకు ఫోన్ చేసింది. ఆ వెంటనే నల్లజాతి పక్షి ప్రేమికుల వారం మొదలైంది. బానిసలను కొని అమ్మిన చిత్రకారుడు ఆడుబాన్ పేరును పలు నగరాల సంఘాలు వదులుకున్నాయి. డెట్రాయిట్ ఆడుబాన్ కూడా డెట్రాయిట్ బర్డ్ అలయన్స్‌గా మారింది. తలుపు పూర్తిగా తెరుచుకుందనను. తీస్తున్నవాళ్ళు ఉన్నప్పుడు బయటే నిలబడిపోవడం మాత్రం న్యాయం కాదు. గుంపుగా నడిచి పిట్టలను చూడడం మనకూ కొత్త కాదు. ఇప్పటి డెక్కన్ బర్డర్స్‌కు మూలమైన సంఘం హైదరాబాదులో 1980లోనే మొదలైంది.

ఈ నడకలు అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చేది సందర్శక వీసా మీద ఆరునెలలకని వచ్చి, కారు నడపలేక నాలుగు గోడల మధ్య ఉండిపోయే అమ్మానాన్నలకు. నోవైకి వాయవ్యాన, ఐ-96 పక్కనున్న కెన్సింగ్టన్ మెట్రోపార్కులో గ్రేట్ బ్లూ హెరాన్‌లు చెట్ల మీద గుంపుగా గూళ్ళు కడతాయి. అది మన నారాయణ పక్షికి దగ్గరి చుట్టం. కొల్లేరు ఎరిగిన పెద్దాయనకు దాని నిలకడ, వేటపద్ధతి ఇంగ్లీషులో ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతాది మనవడో మనవరాలో తెలుగులో చెబుతారు. భాష కోసం విడి సంఘం పెట్టడం కంటే, మన తెలుగు సంఘాలు పండుగల తేదీలతోపాటు ఈ నడకల తేదీలూ సభ్యులకు పంపి, పెద్దవాళ్ళను తీసుకెళ్ళే కార్లు కుదిర్చితే చాలు.