బూట్లకు పరీక్ష

పిల్లలూ! పరీక్ష అనగానే భయపడకండి. ఈ నెల పరీక్ష మీకు కాదు, ఫుట్‌బాల్ బూట్లకు.

బడి జట్టులో చేరినవాడికి బూట్లు కావాలి. దుకాణంలో వెయ్యి రూపాయల జతా ఉంటుంది, పదిహేను వేలు దాటిన జతా ఉంటుంది. పిల్లవాడి కన్ను ఖరీదయిన దానిమీద, నాన్నగారి చెయ్యి చవక దానిమీద ఉంటాయి. చివరకు ఆ రెంటికీ మధ్య ఏదో ఒక జత కొంటారు. ఇంటి ఖర్చులో అది చిన్న మొత్తం కాదు. కనక ఆ డబ్బుకు తగిన వస్తువేదో తెలుసుకుని మరీ కొనాలి.

పెద్ద కంపెనీలు ఒకే పేరుతో, ఒకే రంగులో మూడు నాలుగు తరగతుల బూట్లు తయారు చేస్తాయి. దూరాన్నించి చూస్తే అవన్నీ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. ఖరీదయిన దాని పైభాగం పలచన, బరువు తక్కువ. మధ్యరకం దాని పైభాగం కాస్త మందం, బరువు కాస్త ఎక్కువ. ప్రపంచ కప్పు ఆడేవాడికి ఆ కొద్ది గ్రాముల తేడా లెక్కకు రావచ్చు. మీకూ నాకూ రాదు. పైగా గరుకు నేలమీద మందమయినదే ఎక్కువ రోజులు మన్నుతుంది. కనక మధ్యరకం కొన్నందుకు చిన్నబుచ్చుకోనవసరం లేదు.

అసలు చూడవలసింది బూటు అడుగు. అక్కడ ఉండే బొడిపెలను స్టడ్లంటారు. బూటుమీదో పెట్టెమీదో రెండేసి అక్షరాలు ఉంటాయి. ఎస్.జి. అంటే మెత్తని తడినేలకు. ఎఫ్.జి. అంటే పచ్చిక ఉన్న గట్టినేలకు. ఏ.జి. అంటే కృత్రిమ పచ్చికకు. టి.ఎఫ్. బూట్లకు అడుగంతా చిన్న చిన్న రబ్బరు బొడిపెలుంటాయి.

1954లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ప్రపంచ కప్పు ఫైనలు వానలో జరిగింది. పశ్చిమ జర్మనీ ఆటగాళ్ళ బూట్లకు మరతో బిగించే స్టడ్లుండేవి. వాటిని తీసి, బురదలో పట్టు దొరికేటట్టు పొడుగువి బిగించుకోవచ్చు. ముందు హంగరీ రెండు గోల్సు చేసినా, చివరకు జర్మనీ 3–2తో గెలిచింది. గెలిచింది బూట్లేనని అనకూడదు. అయితే నేలను బట్టి బూటు ఉండాలన్న సంగతి ఆనాడు లోకమంతా గ్రహించింది.

మరి మన బడి మైదానాలో? చాలా చోట్ల పచ్చిక ఉండదు. ఎండకు నేల రాయిలా ఉంటుంది. ఒక లెక్క వేద్దాం. 40 కిలోల పిల్లవాడు ఒంటికాలి మునివేళ్ళమీద నిలబడ్డాడనుకోండి. ఎస్.జి. బూటుకు ముందు భాగాన సాధారణంగా 4 స్టడ్లు. అంటే ఒక్కొక్క దానిమీద 10 కిలోల బరువు. ఎఫ్.జి. బూటుకు ముందు 8 ఉంటే, ఒక్కొక్క దానిమీద 5 కిలోలు. టి.ఎఫ్. బూటుకు ముందు 40 బొడిపెలుంటే, ఒక్కటే కిలో! పరుగెత్తేటప్పుడు ఈ బరువు రెండింతలకు పైగా అవుతుంది. మెత్తని నేలలో స్టడ్లు దిగబడతాయి; అడుగంతా నేలకు ఆని బరువు పరుచుకుంటుంది. గట్టినేలలో దిగబడవు. ఆ పది కిలోలూ తిరిగి పాదానికే తగులుతాయి. అందుచేత మన ఎండిన మైదానాలకు టి.ఎఫ్. గాని, పొట్టి స్టడ్లు ఎక్కువగా ఉన్నవి గాని మేలు.

ఇంకొక ప్రమాదం ఉంది. కృత్రిమ పచ్చికమీద పొడుగు స్టడ్లు నేలను మరీ గట్టిగా పట్టుకుంటాయి. ఒళ్ళు తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలి అంతా మోకాలుమీద పడుతుంది. బూటు చిరిగితే మరొకటి కొనుక్కోవచ్చు. మోకాలు అట్లా కాదు.

ఇక దుకాణంలో నాలుగు పరీక్షలు. ఒకటి: బూటును రెండు చేతులతో వంచండి. వేళ్ళ మొదళ్ళు ఉండేచోట వంగాలి. నడిమికి వంగితే వద్దు. రెండు: మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కండి. ఇట్టే లొంగితే మడమను పట్టి ఉంచదు. మూడు: అడుగూ పైభాగమూ కలిసేచోట చుట్టూ వేలు పోనివ్వండి. ఎక్కడా జిగురు విడిపోయి ఉండకూడదు. నాలుగు: ఆటలో వేసుకునే మేజోళ్ళతోనే రెండు బూట్లూ తొడిగి, లేసులు కట్టి, నిలబడి చూడండి. అన్నిటికన్నా పొడుగయిన వేలి ముందు అర బొటనవేలంత చోటు మిగలాలి.

ఇక్కడ పెద్దలకు ఒక మనవి. "ఎదిగే పిల్లవాడు, రెండేళ్ళు వస్తాయి" అని రెండు సైజులు పెద్దవి కొనకండి. వదులు బూటులో పాదం జారి వేళ్ళు ముందుకు కొట్టుకుంటాయి. మడమ ఒరుసుకుని బొబ్బలెక్కుతాయి. ఖరీదు తగ్గించి అయినా సరే, సరిపోయే జత కొనండి.

బూట్లు లేనివాళ్ళు సిగ్గుపడవలసిన పని లేదు. 1911లో కలకత్తా మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప అందరూ వట్టి కాళ్ళతో ఆడి, ఇంగ్లీషు సైనికుల జట్టును ఓడించి షీల్డు గెలిచింది. అయితే 1952లో హెల్సింకీ చలిలో, మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగొస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయారు. ఆ తరవాతనే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయినాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మనకు నాలుగో స్థానం దక్కింది. జట్టుకు శిక్షణ ఇచ్చినది హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు కూడా! బూట్లు ఆట నేర్పవు, నేర్చిన ఆటకు అడ్డు రాకుండా ఉంటాయి, అంతే.

చేసి చూడండి: సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితంమీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకోండి. రెండూ సమానంగా ఉన్నాయా? పెద్దదాని కొలతకే బూటు కొనాలి. కాగితంమీద తేదీ వేసి దాచి, మూడు నెలలకొకసారి మళ్ళీ గీయండి. కొత్త జత ఎప్పుడు కావాలో ఆ కాగితాలే అమ్మకూ నాన్నకూ చెబుతాయి.