చుక్క గుర్తు

మాది రొంపిచెర్ల. పేటకు, అంటే నరసరావుపేటకు, కూతవేటు దూరం. మా తాతయ్య ఎదుట ఆచార్య రంగాగారి పేరెత్తితే ఆయన ముందుగా భుజం మీది కండువా సర్దుకొనేవారు. ఆ తర్వాత మాట మార్చేవారు. కండువా సంగతి నాకు చిన్ననాడే బోధపడింది. మాట ఎందుకు మారేదో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార ఉమ్మడి వ్యవసాయాన్ని గమ్యంగా తీర్మానించింది. నిడుబ్రోలు రైతుబిడ్డ రంగాగారికి అది మింగుడు పడలేదు. కాంగ్రెసును వదలి, రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షులైనారు. గుర్తు చుక్క. పర్మిట్లు, లైసెన్సులు, కోటాల రాజ్యం పోవాలన్నది వారి నినాదం. మా తాతయ్య వంటి మెట్టరైతుకు ఆర్థిక సిద్ధాంతాలతో పని లేదు. తన పొలంలో ఏమి వేయాలో, పండినది ఎక్కడ అమ్మాలో ఢిల్లీ చెప్పకూడదు. ఆయనకు తెలిసిన మితవాదం అంతే. 1964లో పదిహేడవ రాజ్యాంగ సవరణ రైతువారీ భూములను కూడా 'ఎస్టేటు' అన్న మాట కిందికి తెచ్చినపుడు రంగాగారి పక్షం దానిని గట్టిగా ఎదిరించింది. పట్టాకాగితం పెట్టెలో భద్రంగా దాచుకొన్నవాడికి అంతకంటె ఆత్మబంధువు ఎవరుంటారు?

ఓట్ల లెక్కలో ఆయనకు ఒడుదొడుకులు తప్పలేదు. 1962లో తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్యగారి చేతిలో ఓడి, అదే ఏడు చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు. 1967లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆ ఏడాది పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు, మన శాసనసభలో 29. తర్వాత 1971 ప్రభంజనంలో ఆ 44 కాస్తా 8కి దిగాయి. రంగాగారూ ఓడిపోయారు. ఆపైన ఆయన తిరిగి కాంగ్రెసులో చేరిపోయారు.

ఏ కాంగ్రెసులో? 1969లో బ్యాంకులను జాతీయం చేసిన కాంగ్రెసులో. 1973లో మన రాష్ట్రంలో భూపరిమితి చట్టం తెచ్చి, మాగాణి అయితే నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని గీత గీసిన కాంగ్రెసులో. 1980లోను, 1984లోను, 1989లోను గుంటూరు నుంచి ఆ పార్టీ తరఫుననే గెలిచారు. మాది నరసరావుపేట నియోజకవర్గం గనుక మా ఓటు ఆయనకు పడే వీలు లేదు. కాని గుంటూరు వైపున్న మా బంధువులు వేశారు. వేసి వచ్చి, "చుక్క పోయి చెయ్యి వచ్చింది బావా, మనిషి ఆయనేగా" అన్నారట. తాతయ్య ఏమీ అనలేదట.

ఇక్కడ మా ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే న్యాయం కాదు. ప్రభుత్వం చెయ్యి మా పొలంలో పడకూడదని అన్నవాళ్ళమే, 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలినపుడు పొంగిపోయాము. కుడికాలువ నీరు ఏ స్వేచ్ఛా విపణి తెచ్చి ఇచ్చింది? ప్రభుత్వమే తవ్వింది, ప్రభుత్వమే వంతులు వేసింది. మరొకటి. కేంద్రం 1975లో పొగాకు బోర్డు చట్టం చేసింది. బోర్డు గుంటూరులోనే వెలిసింది. వర్జీనియా వేయాలంటే పేరు నమోదు చేయించుకోవాలి, బ్యారనుకు లైసెన్సు ఉండాలి. అచ్చంగా రాజాజీ తిట్టిన పర్మిట్ల వ్యవహారమే. అయినా వ్యాపారి చెప్పిన ధరకు తలవంచి విసిగిన రైతు, వేలంపాట వచ్చిన తర్వాత బోర్డును ఎత్తివేయమని అడగలేదు. మరింత బాగా కొనిపించమని అడిగాడు. మిరప ధర పడిపోయిన ఏడు మేము చేసే ధర్నా కూడా ప్రభుత్వం కలుగజేసుకోవాలనే కదా! కనుక రంగాగారు మారారని వేలు చూపే ముందు మేము ఎన్నిమార్లు మారామో లెక్కపెట్టుకోవలసి ఉంటుంది.

మారనివారి మాటేమిటంటారా? స్వతంత్ర పార్టీ మిగిలిన భాగం 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది, అది 1977లో జనతాలో కలిసింది. 1978లో ఆ జనతా ప్రభుత్వమే నలభై నాలుగవ సవరణతో ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసివేసింది. పదిహేడవ సవరణ నాడు గొంతు చించుకొన్న పార్టీ వారసులు కూర్చున్న ప్రభుత్వం! దీనికి నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తోచదు.

అందుకే మా తాతయ్య బాధ మారడం గురించి కాదని నా నమ్మకం. ఇంగ్లండులో ఎడ్మండ్ బర్క్ అని ఒక పార్లమెంటు సభ్యుడుండేవాడు. ఓటర్ల అభిప్రాయం కోసం నా వివేకాన్ని బలిపెట్టనని 1774లో బ్రిస్టల్‌లో ముఖం మీదే చెప్పాడు. ఐర్లండు వర్తకం విషయంలోను, కాథలిక్కుల విషయంలోను వాళ్ళకు గిట్టని పక్షం వహించాడు. ఈ మాట మన శాసనసభ్యులు కూడా అప్పుడప్పుడు వాడుకొంటూనే ఉంటారు. కాని మిగతా సగం వదిలేస్తారు. 1780లో బర్క్ అదే ఊరికి తిరిగివచ్చి, కోపంగా ఉన్న ఆ వర్తకుల ఎదుట నిలబడి, తాను ఏ పని ఎందుకు చేశాడో ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. గెలవడని తేలాక పోటీ నుంచి తప్పుకొన్నాడు.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఈ కథ తాతయ్యకు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చివరికి, "రంగాగారు కూడా ఢిల్లీలో ఎక్కడో చెప్పే ఉంటారురా. పెద్ద చదువు చదివినాయన, కారణం లేకుండా చేస్తారా? ఆ చెప్పేదేదో మన రచ్చబండ దగ్గర చెప్పి ఉంటే, మేము నాలుగు మాటలు అని, తర్వాత మంచినీళ్ళిచ్చి పంపేవాళ్ళం," అన్నారు.

1995 జూన్‌లో రంగాగారు పోయినపుడు పత్రికలో వచ్చిన బొమ్మను తాతయ్య కత్తిరించి, పట్టాకాగితాలున్న పెట్టెలోనే పెట్టారు.