గొడవ ఈగోది కాదు

గోపన్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఏ ఆఫీసు మీటింగులో కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది: టీమ్ ఆర్కెస్ట్రాలా ఉండాలట. బెత్తం ఊపేది ఒక్కరు, వాయించేది అందరూ. ఎవరైనా ఎదురు చెబితే ‘ఈగో’ అని ముద్ర. ఈ నీతి చెప్పేవాళ్లు ఆర్కెస్ట్రా తెర వెనక్కి ఎన్నడూ తొంగిచూడలేదు.

1772లో హంగేరీకి చెందిన ఎస్టర్‌హాజీ ప్రభువు తన వేసవి విడిదిని పొడిగిస్తూ పోయాడు. వాద్యకారుల ఆలుబిడ్డలేమో వేరే ఊళ్లో ఉండిపోయారు. నోరువిప్పి సెలవడగలేని ఆ కొలువులో, స్వరకర్త హేడన్ తన కొత్త సింఫనీ చివర వాద్యకారులు ఒక్కొక్కరే కొవ్వొత్తి ఆర్పి లేచి వెళ్లిపోయేలా రాశాడు. ప్రభువుకు విషయం అర్థమై ప్రయాణం కట్టించాడని తొలి జీవితచరిత్రకారులు చెబుతారు. అక్కడున్నది అహం కాదు, లీవు సమస్య.

బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో ప్రధాన సంచాలకుణ్ని వాద్యకారులే ఓటేసి ఎన్నుకుంటారు. అప్పటి ప్రధాన సంచాలకుడు, అంతటి కారయాన్ క్లారినెట్ కళాకారిణి సబీనే మేయర్‌ను తీసుకుందామంటే 73 మంది వద్దన్నారు, నలుగురే సరేనన్నారు. 1984లో ఆమె తప్పుకుంది. ఆ ఓటు వెనక ఆడవాళ్ల మీద చిన్నచూపు ఉందన్న విమర్శను కొట్టిపారేయలేం. అయినా తమ పక్కన ఎవరు కూర్చోవాలో చెప్పే హక్కు వాళ్లకుంది. మన టీముల్లో ఎవరికుంది?

అమెరికాలో మిన్నెసోటా ఆర్కెస్ట్రా వాద్యకారులు 2012 అక్టోబరులో జీతాల భారీ కోతకు ఒప్పుకోలేదు. యాజమాన్యం లాకౌట్ చేసింది. అది 2014 జనవరి దాకా సాగింది. ఈలోగా సంచాలకుడు ఓస్మో వాన్స్కా రాజీనామా చేశాడు. దీన్ని ఈగో అంటారా, జీతం అంటారా?

మనవాళ్ల సంగతీ అంతే. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది. జనం ఇద్దరి స్వభావాల మీద తీర్పులిచ్చారు. అసలు ప్రశ్న వేరు: టికెట్లు అమ్మిన వేదిక మీద పాడే పాట ఎవరిది? స్వరకర్తదా, నిర్మాతదా, గాయకుడిదా? 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదికెక్కారు. స్నేహం అతుక్కుంది గానీ ఆ ప్రశ్న తీరలేదు. ఆ పాటలకు వయొలిన్, తబలా వాయించినవాళ్ల పేర్లయితే ఈ చర్చలో ఎక్కడా వినబడలేదు.

కచేరీ నడుస్తున్నంతసేపు తాళం ఒక చేతిలో ఉంటే మేలే. న్యూయార్క్‌లో 1972లో పుట్టిన ఆర్ఫియస్ బృందం అదీ లేకుండానే వాయిస్తోంది. ఏదేమైనా సెలవు, జీతం, పేరు, వాటా వేదిక దిగాక తేల్చుకోవలసినవి. వాటిని స్వభావాల ఖాతాలో రాయడం తేల్చకుండా తప్పించుకోవడమే.

కాబట్టి మేనేజర్లకు ఒక్క మనవి. ఆర్కెస్ట్రా లాంటి టీమ్ కావాలంటే ముందు టీముకు ఓటు హక్కివ్వండి. ఇవ్వలేకపోతే ఆ పోలిక మానుకోండి.