పెద్ద కారే... మోకాళ్లకు చోటేదీ?

కారు కొనడానికి ఇంటిల్లిపాదీ షోరూముకు వెళ్తారు. నాన్న బానెట్ ఎత్తించి చూస్తాడు. అబ్బాయి డ్యాష్‌బోర్డు తెరమీద పాటలు మారుస్తుంటాడు. అమ్మ రంగు దగ్గర ఆగిపోతుంది. నానమ్మ మాత్రం ఏసీ కింద కుర్చీలో కూర్చుని వాళ్లిచ్చిన కాఫీ తాగుతూ ఉంటుంది. రేపు పండక్కి ఊరెళ్లేటప్పుడు వెనకసీట్లో అయిదారు గంటలు కూర్చోబోయేది ఆవిడే. ఆవిణ్ని ఒక్కసారి ఎక్కించి చూద్దామని మాత్రం ఎవరికీ తోచదు.

‘పెద్ద బండి కదా, హాయిగానే ఉంటుందిలే’ అన్నది అందరి ధీమా. ఎస్‌యూవీ అంటే విశాలం, సెడాన్ అంటే ఇరుకు... బయటినుంచి చూస్తే అనిపించేదీ అదే. కొలతలు చూస్తే మాత్రం లెక్క మారిపోతుంది.

టయోటా సంస్థవే రెండు కార్లు తీసుకోండి. ఫార్చ్యూనర్ వెడల్పు 1855 మిల్లీమీటర్లు. క్యామ్రీ సెడాన్‌ది 1840. తేడా ఒకటిన్నర సెంటీమీటరే! ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. కాళ్లు చాపుకునే చోటు చాలావరకూ ఈ దూరాన్నిబట్టే ఉంటుంది. ఫార్చ్యూనర్‌లో అది 2745 మిల్లీమీటర్లు, క్యామ్రీలో 2825. అంటే సెడాన్‌దే 8 సెంటీమీటర్లు ఎక్కువ. పైగా ఫార్చ్యూనర్‌లో మూడు వరసలు సర్దాలి, క్యామ్రీలో రెండే. ‘క్యామ్రీ కొనేవాళ్లెందరు?’ అంటారా... 2023లో వచ్చిన హ్యుందాయ్ వెర్నా వీల్‌బేస్ 2670. ధరలో ఎంతో కిందనున్న ఆ కారు కూడా ఫార్చ్యూనర్‌కన్నా ఏడున్నర సెంటీమీటర్లే తక్కువ.

మరి అంత పెద్దగా కనిపించడానికి కారణం ఏమిటంటే, ఎత్తు. ఫార్చ్యూనర్ 1835 మిల్లీమీటర్లు ఉంటుంది. క్యామ్రీకంటే అడుగుకు పైనే ఎక్కువ. ఆ ఎత్తంతా తలమీద ఖాళీగా ఉంటుందనుకుంటే పొరపాటు. అందులో చాలాభాగం కాళ్ల కిందే పోతుంది. ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్ లాంటివి లారీల మాదిరి ఇనుప ఛాసిస్ మీద బాడీ బిగించిన బళ్లు. ఆ దూలాలమీద నేల పరుస్తారు కాబట్టి నేల పైకి లేస్తుంది. సీటును అంతగా లేపడానికి వీల్లేదు, తల పైకప్పుకు తగులుతుంది. దాంతో నేలకూ సీటుకూ మధ్య ఎత్తు తగ్గిపోతుంది. కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి లేస్తాయి. తొడలు సీటుకు ఆనవు. ఒంటి బరువంతా నడుంమీదే పడుతుంది. పీటమీద కూర్చున్నట్టే అన్నమాట. పెళ్లిలో పీటలమీద కూర్చున్నవాళ్లే గంట గడిస్తే కాళ్లు మార్చుకుంటారు, హైదరాబాద్ నుంచి విజయవాడ అయిదు గంటలు!

రెండో వరసలో ఈ ఇబ్బంది కొంతే. అసలు కష్టాలన్నీ మూడో వరసలో ఉంటాయి. అక్కడ సీటు వెనక చక్రాల మీదికి జరుగుతుంది. ఆర్టీసీ బస్సులో వెనక టైరు మీది సీట్లో కూర్చున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు... ప్రతి గుంతా వీపుకు తెలుస్తుంది. అందుకే అక్కడికి ఎప్పుడూ పిల్లల్నే తోస్తారు. ఘాట్‌రోడ్డులో ముందుగా కడుపులో తిప్పేదీ వాళ్లకే. ఎత్తుగా ఉన్న బండి మలుపుల్లో ఎక్కువ ఊగుతుంది మరి. (1994లో వచ్చిన టాటా సుమోలో వెనక ఎదురెదురు సీట్లుండేవి. వాటిలో మోకాళ్లు కొట్టుకుంటూ తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు దీన్ని సుఖమనే అంటారేమో!)

సామాన్ల సంగతి మరీ తమాషా. మూడో వరస వేస్తే పెద్ద పెద్ద బళ్లలోనూ వెనక రెండు మూడు సంచులకు మించి చోటు మిగలదు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు ఏడుగురు మనుషులూ, బియ్యం మూటా, అరిసెల డబ్బా, కొబ్బరికాయలూ అంటే టాపు మీద క్యారియర్ కట్టాల్సిందే. వెర్నా డిక్కీ 528 లీటర్లు. ఎంతమంది కూర్చున్నా ఆ చోటు తగ్గదు. పైగా సెడాన్ డిక్కీ విడిగా ఉంటుంది, ఆవకాయ జాడీ కాస్త ఒలికినా వాసన సీట్లదాకా రాదు.

అలాగని సెడాన్ అందరికీ హాయి అనలేం. అది నేలకు దగ్గరగా ఉంటుంది. మోకాళ్లనొప్పులున్న పెద్దవాళ్లు అందులోకి దిగబడాలి, లేచేటప్పుడు తలుపు పట్టుకుని బలవంతంగా పైకి రావాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఇది నరకమే. పెద్ద ఎస్‌యూవీలో ఉన్నది మరో కష్టం. చీరకట్టుతో ఆ మెట్టుమీద కాలువేసి ఎక్కాలంటే పక్కనొకరు పట్టుకోవాలి. సీటు మనిషి నడుము ఎత్తులో ఉంటే మంచంమీద కూర్చున్నట్టు వెనక్కి ఆని కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. ఛాసిస్ విడిగా లేని ఎస్‌యూవీల్లో కొన్ని ఈ ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. ఇంట్లో నిజంగానే ఆరేడుగురుండి, నెలకోసారైనా కలిసి తిరిగేవాళ్లయితే సెడాన్ ఊసెత్తడమే దండగ. గతుకుల రోడ్లకూ ఎత్తుబండే నయం. నలుగురే ఉండి, ఏడాదికోసారి వచ్చే చుట్టాలకోసం మూడో వరస కొనేవాళ్లే కాస్త ఆలోచించుకోవాలి.

టెస్ట్‌డ్రైవ్‌కి వెళ్తే సేల్స్ కుర్రాడు స్టీరింగు చేతికిచ్చి నున్నటి రోడ్డుమీద ఓ చుట్టు తిప్పిస్తాడు. దానికి ముందే ఓ పనుంది. ఇంట్లో పొడుగాటివాళ్లను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, వాళ్లకు వీలుగా సీటు జరుపుకోమనాలి. ఆ సీటు వెనక నానమ్మను కూర్చోబెట్టి, మోకాలి వెనక తొడకిందికి చెయ్యి పోనిచ్చి చూడాలి. అరచెయ్యి పట్టనంతగా తొడ సీటుకు ఆనిందా, సరే. పిడికిలి దూరేంత ఖాళీ ఉందా, ఆ సీట్లో దూరప్రయాణం కష్టమే. బండిని స్పీడ్‌బ్రేకర్లున్న గల్లీలోకి పోనిచ్చి, ఆ కాసేపు నాన్నే మూడో వరసలో కూర్చుంటే ఇంకా మంచిది. అన్నట్టు, నానమ్మను ఒక్కసారి ఎక్కించి ఊరుకోకండి. ఎవరి సాయమూ లేకుండా దిగమనండి, మళ్లీ ఎక్కమనండి. నాన్న చెక్కుబుక్కు తీసేది ఆ తర్వాతే.